ఊదా గుడ్డ

పారిస్,
అక్టోబరు 1957

జేలీ,

డోల్ స్టేషన్‌లో రైలు కదలబోతుండగా కిటికీ ఊచ పట్టుకుని నువ్విచ్చిన మాట నీకు గుర్తుందో లేదో, నాకు గుర్తుంది. “సకల పునీతుల పండుగకల్లా పారిస్ వచ్చేస్తా అన్నయ్యా. వంట నాది, రంగులు నూరడం నాది. నువ్వు హాయిగా బొమ్మలు వేసుకో” అన్నావు. ఆ మాట నమ్మి తూర్పు కిటికీ ఉన్న గది ఒకటి అదనంగా తీసుకున్నాను. పండుగ వచ్చింది, నువ్వు రాలేదు. ఒర్బెల్ మఠంలో చేరిపోయావని నాన్న నాలుగు ముక్కలు రాసి పంపాడు. అప్పుడు నీకు ఇరవై ఏళ్ళు. ఇప్పుడు నాకు డెబ్భై నాలుగు.

ఆ తర్వాత ఏటా జనవరిలో ఒక దీవెన కార్డు. కింద మఠంలో నీకు పెట్టిన పేరు, మదర్ కొలోంబ్ అని. నేను జవాబివ్వలేదు, నువ్వు ఎందుకని అడగలేదు.

ఇప్పుడు మొదటిసారి నన్నొకటి అడిగావు. యుద్ధంలో పైకప్పు కూలి మీ ప్రార్థనశాలలోని పాత పటం పోయిందనీ, అప్పటినుంచీ బోడిగోడకు ఎదురుగా జపం చేస్తున్నారనీ, ఆ గోడకు నేనేమైనా చెయ్యగలనా అనీ రాశావు. చదివి నవ్వాను. నా బొమ్మల్లో మనిషి ముఖం కనిపించి ముప్పై ఏళ్ళయింది. గొర్రెపిల్ల, పావురం, వెలుగు కిరణాలు, ఇవేవీ నా దగ్గర దొరకవు. అవి కావాలంటే నా దగ్గర నాలుగేళ్ళు బ్రష్షులు కడిగి, ఇప్పుడు ప్రభుత్వ భవనాల గోడలన్నీ నింపుతున్న మహానుభావుడొకడున్నాడు. అడ్రసు ఇస్తాను. నిన్ను చూసి గొర్రెపిల్లకి తోడు కోడిపిల్ల కూడా వేస్తాడు.

దేవుడితో నాకు తగాదా లేదు. ఆయన గుమాస్తాలతోనే. మీ బిషప్‌గారి దగ్గర కళల సంఘం నడిపే పెద్ద ఫాదరు, కానన్ గెబార్ ఉన్నాడు కదా, ఆయన ఒకప్పుడు మీ వారపత్రికలో నా చిత్రం గురించి ‘సూపు ఒలికిన బల్లగుడ్డ’ అని రాశాడు. ఆ ముక్క కత్తిరించి దాచుకున్నాను. మనిషికి కోపం కూడా ఒక ఆస్తే.

అయినా ఒప్పుకుంటున్నాను. కారణం నీ మీద ప్రేమ అనుకోకు. నా కుడికన్ను పోయింది, ఎడమది పోతోంది. ఇంకొక్క పెద్ద పనికి సరిపడా చూపు మిగిలిందని డాక్టరు చెప్పాడు. ఆ ఒక్కటీ డబ్బున్నవాడి భోజనాల గదిలోకి పోవడం నాకిష్టం లేదు. కూలి అక్కర్లేదు. నా షరతు ఒకటే: నేను చేసినదాన్ని ఎవరూ సరిదిద్దకూడదు, దానికి ఎవరూ పేరు పెట్టకూడదు.

ఫుల్జాన్స్


ఒర్బెల్ మఠం, జురా,
నవంబరు 1957

ప్రియమైన అన్నయ్యా,

నీ షరతు ఒప్పుకుంటున్నాను. డోల్ స్టేషన్ గురించి నువ్వు రాసినది చదివాను.

ప్రార్థనశాల పెద్దదేమీ కాదు. ఇటొక వరసా అటొక వరసా ఎదురెదురుగా కూర్చుంటాం. ఇరవై ఇద్దరం. రోజుకు ఏడుసార్లు ఆ గోడకేసి తిరిగి వంగుతాం. కిటికీలు ఉత్తరం వైపు, ఎత్తులో ఉన్నాయి. ఎండ లోపలికి రాదు. చలికాలంలో మాత్రం నేల మీది మంచు వెలుతురు పైకి ఎగిరి, కిటికీల్లోంచి వచ్చి కప్పుకు తగిలి మెల్లగా కిందికి దిగుతుంది. ఆ వెలుతురు గురించి ఎవరికైనా చెప్పాలని ఎప్పటినుంచో అనుకుంటున్నాను. నీకు చెప్పడమే సబబు.

ఒక సంగతి ముందే చెప్పాలి. క్రిస్మస్ ముందు ఆగమనకాలంలో మేం ఉత్తరాలు రాయం, చదవం. ఈస్టర్ ముందు తపస్సుకాలం నలభై రోజులూ అంతే. వచ్చినవి నా బల్ల సొరుగులో పడి ఉంటాయి, నావైనా సరే. మఠానికి పెద్దదాన్నని నాకు మినహాయింపు లేదు. కాబట్టి గోడ కొలతలకి ఈ నెలలోనే రా. మంచు ఇంకా రోడ్డు మూసెయ్యలేదు. అతిథిగదిలో పొయ్యి వెలిగించి ఉంచుతాం. ఈ ఏటి జున్ను బాగా కుదిరింది.

కానన్ గెబార్ సంగతి నాకు వదిలెయ్యి.

నీ చెల్లెలు
సి. కొలోంబ్


పారిస్,
జనవరి 1958

జేలీ,

మీ మఠంలో నాకు జరిగిన మర్యాద ఇక్కడ ఎవరికి చెప్పినా నమ్మడం లేదు. నేను ముందు నడవకూడదట. గుడి సామాను చూసుకునే ఆ ముసలి సిస్టర్ ఉర్సూల్ చేతిగంట ఊపుకుంటూ ముందు, కొలతబద్ద పట్టుకుని నేను వెనక. గంట వినపడగానే వసారాలో ముసుగులన్నీ మాయం. “ఏవమ్మా, నేనేమన్నా కుష్ఠురోగినా?” అన్నాను. వెనక్కి తిరక్కుండానే, “కాదండీ, మగాడు. మాకు రెండూ ఒకటే” అంది. ఆవిడ మీద కోపం తెచ్చుకోవడానికి చాలా ప్రయత్నించాను. కుదరలేదు.

తర్వాత మాటల గదిలో కడ్డీల వెనక నిన్ను చూశాను. నీకు అమ్మ ముక్కు వచ్చింది. అది తప్ప ఇంకేమీ గుర్తుపట్టలేకపోయాను. అరగంటలో నువ్వు నన్ను అడిగినవి ఆరోగ్యం, రైలు, జున్ను.

పని గురించి రాస్తాను. మూడు కాన్వాసులు, గోడ పొడుగునా. గుడ్డుసొనలో కలిపిన రంగు, నీళ్ళంత పల్చగా, పూత మీద పూత. అడుగున ఎర్రమట్టి, ఇటుక, కొంచెం పసుపు. వాటి మీద నీలం, మళ్ళీ నీలం, ఆ పైన బూడిద కలిసిన నలుపు. రోజుకు ఒక పూతే. ఎక్కువ వేస్తే కిందది చచ్చిపోతుంది. పూర్తయ్యాక గుమ్మంలోంచి చూసేవాడికి మూడు నల్ల తలుపులు కనపడతాయి, అంతే. కానీ ఒక మనిషి కదలకుండా పావుగంట కూర్చుంటే, కళ్ళు చీకటికి అలవాటు పడినట్టు అలవాటు పడి, అడుగున ఉన్న వేడి నెమ్మదిగా పైకి వస్తుంది. అది వచ్చేది మీ మంచు వెలుతురులోనే. అందుకే అక్కడ మూడు రోజులు కూర్చున్నాను, మీవాళ్ళు నన్ను భక్తుడనుకున్నారు.

ఒక నిజం చెప్పనా? ఈ ఊళ్ళో నా బొమ్మ ముందు పావుగంట కూర్చునేవాడు ఒక్కడూ లేడు. నిలబడి, గడ్డం గోక్కుని, పక్కవాడి చెవిలో ఏదో ఊది, సారా గ్లాసు దగ్గరికి పోతారు. వ్యాసాలు రాసేవాళ్ళయితే ఇంట్లో రాసుకుని వచ్చి సరిచూసుకుని పోతారు. ముప్పై ఏళ్ళుగా ఎవరూ చూడని పని చేస్తున్నాను. మీ దగ్గర కదలకుండా కూర్చునేవాళ్ళు ఇరవై ఇద్దరున్నారు, రోజుకు ఏడుసార్లు. నేను బతికుండగా నన్ను చూసేవాళ్ళు ఎవరైనా ఉంటే వాళ్ళే.

నెలాఖరుకు రైల్లో వేస్తాను. మీ ఊరి వడ్రంగి తీసోకి చట్రాల కొలతలు రాశాను.

ఫుల్జాన్స్


ఒర్బెల్ మఠం,
ఫిబ్రవరి 1958

ప్రియమైన అన్నయ్యా,

వచ్చాయి. తీసో రెండు రోజులు కష్టపడి గోడకు బిగించాడు. గంట మోగింది, మేం లోపలికి వెళ్ళాం, ఎప్పటిలాగే వంగాం. ఆ పూట పాట సగం మందికి అందలేదు.

భోజనం తర్వాత మాట్లాడుకునే అరగంటలో అందరికీ ఇదే మాట. మాలో అందరికన్నా చిన్నది బ్లాండిన్, “మదర్, వీటిలో ఉన్నది ఏ పునీతుడండీ?” అని అడిగింది. నాకన్నా ముందు ఉర్సూల్ అందుకుంది: “పునీతుడు కాదే పిల్లా. చలికాలం పొద్దుగూకేవేళ మా ఇంట్లో పశువుల కొట్టం తలుపు తీస్తే అచ్చం ఇలాగే ఉండేది. ఆవులు కనపడవు. ఊపిరి మాత్రం ముఖానికి తగులుతుంది.” వంటింటి సిస్టర్ మాత్రం, “నాకు ఊపిరీ లేదు ఆవూ లేదు, దిగులుగా ఉంది” అంది. ఒకామె ఏడ్చింది. పదిరోజులయ్యాక వంటింటి సిస్టర్ తన చోటు మార్చమని అడిగింది. దూరంగా జరగడానికేమో అనుకున్నాను. కాదు, మధ్య చిత్రానికి ఎదురుగా కూర్చోవాలట.

నా సంగతి అడుగుతావు. నాకింకా తెలియదు అన్నయ్యా. చూస్తున్నాను.

కానన్ గెబార్ వచ్చారు. కాసేపు నిలబడి, ఒకటి రెండు విషయాలు అడిగి వెళ్ళారు. ఇక్కడ మంచు మోకాళ్ళదాకా ఉంది. వచ్చే బుధవారం నుదుట విభూది పెట్టుకుంటాం, అప్పటినుంచి ఈస్టర్ దాకా ఉత్తరాలు ఉండవు. నీ కన్ను జాగ్రత్త.

నీ చెల్లెలు
సి. కొలోంబ్


పారిస్,
ఫిబ్రవరి 1958, శనివారం

జేలీ,

ఒకటి రెండు విషయాలు! నువ్వు రాయకపోతే నాకు తెలియదనుకున్నావా? ఆయన వచ్చినప్పుడు తీసో నిచ్చెన మీద ఉన్నాడు. ఆఖరి మరలు బిగిస్తూ అన్నీ విని, పూసగుచ్చినట్టు నాకు రాశాడు.

గుమ్మంలోనే ఆయన అన్న మాట: “ఏం మదర్, చలికాలం బొగ్గు ఇక్కడ దింపించారా?” ఆయన జోకుకు ఆయనే నవ్వుకున్నాడట. తర్వాత చేతులు వెనక్కి కట్టుకుని, “ఇందులో ఎవరున్నారు? మరియమ్మా? జోజప్పా?” నువ్వు, “ఎవరూ లేరండి” అన్నావట. “ఎవరూ లేనిది స్వరూపం కాదు. స్వరూపం కానిది అలంకారం. ఈ శాలలో అలంకారం పనికిరాదని మీ నియమంలో రాసుకున్నది మీరే గదా, మేం కాదు” అన్నాడట. స్వరూపమా అలంకారమా అన్నది ఈస్టర్ వెళ్ళాక బిషప్‌గారు తేలుస్తారని, అలంకారమని తేలితే తీసెయ్యాలని చెప్పి వెళ్ళాడట. ఎంతసేపున్నాడు? తీసో లెక్క ప్రకారం ఒక మర బిగించినంతసేపు.

బిషప్ అనుమతి లేకుండానే నాచేత వేయించావన్నమాట. అది తప్పంటే నేను ఒప్పుకోను, ఈ మొత్తంలో నాకు నచ్చిన పని అదొక్కటే. కానీ దాచావు. నా మిగిలిన చూపంతా ఆ గోడ మీద పెట్టాను. ఇంకో మూడు వెయ్యలేను. నిన్న పాల గిన్నె అనుకుని సిరాబుడ్డి పట్టుకున్నాను. అవి ఆ గోడ మీదినుంచి దిగితే ఇక ఎక్కడా లేవు. ఈ మాట అర్థమైందా?

పేరు పెట్టమని అడగబోతున్నావేమో. ‘సమాధి’ అనో ‘గెత్సేమనే తోట’ అనో ఒక చీటీ అంటిస్తే కానన్‌గారు శాంతిస్తారని. అడగకు. పెట్టను.

నేనే ఒకటి అడుగుతాను. నేనూ మన ఊరి గుడిలో గంట కొట్టినవాణ్ణే, ఇవన్నీ తెలుసు. ఈస్టర్ ఇంకా రెండు వారాలుందనగా, శ్రమల ఆదివారం ముందురోజు మీరు సిలువకూ, మరియమ్మకూ, ఆమె పెనిమిటి ఆ రంగులద్దిన సున్నపు జోజప్పకూ ఊదా గుడ్డ కప్పుతారు. ఈస్టర్ రాత్రి దాకా తియ్యరు. స్వరూపానికే కప్పుతారు. కొవ్వొత్తి స్తంభానికి కప్పరు, పూలకుండీకి కప్పరు, కుర్చీకి కప్పరు. అంచేత ఏది స్వరూపమో ఏది సామానో ఆ గుడ్డే చెబుతుంది. బిషప్ చెప్పకముందే చెబుతుంది.

నా మూడింటికీ కప్పు. నీ చేత్తో కప్పు. ఈస్టర్ ముందు పవిత్రవారంలో, మీరు పాపాలు చెప్పుకునే పాపసంకీర్తనం వినడానికి వచ్చే గెబార్ దాన్ని చూడనీ. ఒక మఠం మఠమంతా గుడ్డ కప్పినదాన్ని అలంకారమనే ధైర్యం ఆయనకి లేదు, ఆయన్ని నేనెరుగుదును.

ఇది బుధవారంలోపు నీకు చేరాలి. జవాబు కావాలి.

ఫుల్జాన్స్


ఒర్బెల్ మఠం,
విభూది బుధవారం ముందురోజు

అన్నయ్యా,

ఇప్పుడే అందింది. తీసో రాసింది నిజమే. ఊదా గుడ్డ గురించి నువ్వు రాసిందీ నిజమే. దాని బరువెంతో నాకు తెలుసు.

ఇంతకుమించి ఇప్పుడు రాయలేను. గంట మోగుతోంది. ఈస్టర్ తర్వాత.

సి. కొలోంబ్


పారిస్,
మార్చి 1958

జేలీ,

ఇది నీ సొరుగులో పడి ఉంటుందని తెలుసు. అయినా రాస్తాను. గోడకు చెప్పుకోవడం నాకు కొత్తేమీ కాదు.

తీసో కార్డు ఇవాళ వచ్చింది. మీ గుడి తలుపు బందు ఊడితే బాగుచెయ్యడానికి వెళ్ళాడట. ‘లోపల అన్నీ కప్పేశారండి, సిలువ, మరియమ్మ, జోజప్ప, పక్కన చిన్న చిన్నవి కూడా. మీవి మాత్రం కప్పలేదు. మర్చిపోయారేమో’ అని రాశాడు. మంచివాడు. మర్చిపోయారేమోనట!

నువ్వు మర్చిపోలేదు. నా ఉత్తరం చదివి, దాని బరువు తెలుసని నీ చేత్తో రాసి, తర్వాత ఆ పని చేశావు. జోజప్పకు గుడ్డ దొరికింది. సంతలో కొన్న జోజప్ప, బుగ్గలకు గులాబీరంగు, చేతిలో విరిగిపోయి అతికించిన లిల్లీపువ్వు. ఆయన స్వరూపం. నావి సామాను. కొవ్వొత్తి స్తంభాల పక్కన, చీపురు పక్కన.

మీరంతా చిత్రమైన మనుషులు. పారిస్‌లో నన్ను తిట్టినవాళ్ళు కనీసం ముఖం మీద తిట్టారు. నా బొమ్మలు అమ్మే ఆ పెద్దమనిషి, “ఫుల్జాన్స్‌గారూ, కాస్త వెలుగు పెట్టకూడదూ, జనం భోజనాల గదిలో పెట్టుకోవాలి గదా” అన్నాడు. అది తిట్టే, కానీ తిట్టని తెలిసే తిట్టు. నువ్వు ఒక్క మాటా అనకుండా, ఒక గుడ్డ ఎత్తకుండా, నా ముప్పై ఏళ్ళ పనికి ‘ఏమీ లేదు’ అని చీటీ అంటించావు. గెబార్ ఇరవై ఏళ్ళు రాసినా అంత బాగా రాయలేడు.

మాట ఇచ్చి తప్పడం నీకు ఇది రెండోసారి అందామంటే ఈసారి మాట కూడా ఇవ్వలేదు. తెలివి మీరావు.

ఫుల్జాన్స్


పారిస్,
శుభశుక్రవారం

జేలీ,

టికెట్టు కొన్నాను. ఈస్టర్ వెళ్ళాక మంగళవారం బండి. తోలు కోసే కత్తి నూరించి సంచిలో పెట్టుకున్నాను. బిషప్‌గారు తీయించేదాకా ఆగను. నేను వేసినవి నేనే కోసుకుంటాను. సిస్టర్ ఉర్సూల్‌ని గంట పట్టుకుని సిద్ధంగా ఉండమను.

ఫు.


ఒర్బెల్ మఠం,
ఈస్టర్ సోమవారం

అన్నయ్యా,

సొరుగు తీశాను. రెండు ఉత్తరాలూ చదివాను. తంతి ఇచ్చి నిన్ను ఆపమని తీసోని ఊళ్ళోకి పంపాను, అది ఈపాటికి నీకు అంది ఉంటుంది. రావద్దు. ఇది మొత్తం చదివాక నీ ఇష్టం.

ఆ శనివారం ఏం జరిగిందో చెబుతాను. నీ మాట ప్రకారం కప్పాలనే నిశ్చయించుకున్నాను. ఉర్సూల్‌కి ముందే చెప్పాను. అంత పెద్ద గుడ్డ మా దగ్గర లేదు. మూడు దుప్పట్లు ఊదారంగులో ముంచి, ఆరేసి, అంచులు కుట్టింది. చేతులు మోచేతులదాకా ఊదాగా మారి, బలిపూజలో ఆ చేతులు జోడించి ప్రసాదం తీసుకుంటుంటే అందరికీ నవ్వు. ముందు సిలువకు కప్పాం, తర్వాత మరియమ్మకు, తర్వాత జోజప్పకు. ఉర్సూల్ దుప్పటి భుజాన వేసుకుని నిచ్చెన ఎక్కింది. కింద నిచ్చెన పట్టుకున్న బ్లాండిన్, “వీటిని కూడా మూసేస్తే రెండు వారాలు దేన్ని చూడాలి?” అంది.

“నీ పాపాలు చూసుకో” అంది ఉర్సూల్ పైనుంచి.

“అవి చూశానండీ, అయిపోయాయి.”

అందరూ నవ్వారు. నేను నవ్వలేకపోయాను. అక్కడే నిలబడి ఆలోచించాను. మనం కప్పేది బాగా తెలిసిన ముఖాన్ని, అన్నయ్యా. రోజూ చూసి చూసి చూడడం మానేసినదాన్ని. కొన్నాళ్ళు దాస్తే దాని మీద మళ్ళీ ఆకలి పుడుతుంది, అందుకు కప్పుతాం. జోజప్ప ముఖం మా అందరికీ కళ్ళు మూసుకున్నా తెలుసు. నీవాటి ముఖం మాకింకా తెలియలేదు. చూడడం ఇప్పుడిప్పుడే మొదలైంది. మొదలైనదాన్ని ఎలా మూసెయ్యను? “దిగు ఉర్సూల్, వద్దు” అన్నాను.

ఆ రెండు వారాలు ఆ శాలలో కళ్ళు ఆనడానికి నీ మూడే ఉన్నాయి. మిగతాదంతా గుడ్డ. శుభశుక్రవారం నాడు పీఠం మీది గుడ్డలు కూడా తీసేశాం, దీపం ఆర్పేశాం. మధ్యాహ్నం మూడింటికి అందరం నేల మీద సాగిలపడి లేచాం. బయట మళ్ళీ కొత్త మంచు పడి ఉంది. నువ్వు చెప్పిన వేడి పైకి వచ్చింది. మధ్యదానిలో ముందు, తర్వాత కుడివైపుదానిలో. ఎవరూ ఏమీ అనకూడని వేళ అది. కానీ ఉర్సూల్ నా పక్కన ఊపిరికి మించని గొంతుతో, “వచ్చాయి మదర్, ఆవులు” అంది. ఇరవై ఇద్దరం చూశాం. వంటింటి సిస్టర్‌తో సహా. నువ్వు చూడమన్నట్టే చూశాం.

ఇక రెండోది. ఇది రాయడానికి రెండుసార్లు కలం కింద పెట్టాను.

పవిత్రవారంలో బుధవారం కానన్ గెబార్ వచ్చారు. తలుపు దగ్గరే ఆగి మూడింటినీ చూశారు. “వీటికి కప్పలేదా మదర్?” అన్నారు.

“కప్పలేదండి” అన్నాను.

“అయితే మీరే తేల్చేశారు. మంచిది, బిషప్‌గారికి శ్రమ తప్పింది” అన్నారు. తర్వాత సిస్టర్లు ఎదురుచూస్తున్నారని పాపసంకీర్తనం వినడానికి వెళ్ళిపోయారు.

ఇవాళ ఉదయం కాగితం వచ్చింది. ‘శ్రమలకాలంలో వీటికి ముసుగు వెయ్యనందున ఇవి స్వరూపాలు కావని మఠమే అంగీకరించింది. నియమం ప్రకారం తొలగించవలెను’ అని. కింద నా సంతకానికి చోటు వదిలారు. వెయ్యలేదన్నది నిజం. నేను పెద్దలకు విధేయత ప్రమాణం చేసినదాన్ని. సంతకం పెట్టాను. గురువారం తీసో దించుతాడు.

వాటిని ఎందుకు కప్పలేదో ఆయన అడగలేదు.

ఎక్కడికి పంపమంటావో రాయి. ఆ చోట పెట్టుకోవడానికి ఊరి గుడి పైఅంతస్తులో ఉన్న పాత పునీత బెర్నార్డు విగ్రహం పంపుతామన్నారు. మఠంలో చేరకముందు దాన్ని చూసిన ఉర్సూల్, “పాపం, పన్ను వసూలుకు వచ్చినవాడిలా ఉన్నాడు” అంది. బ్లాండిన్ ఇవాళ మధ్యాహ్నం భోజనం ముట్టలేదు.

నీ చెల్లెలు
సి. కొలోంబ్


పారిస్,
మే 1958

జేలీ,

వచ్చాయి. తీసో గడ్డి చుట్టి, గోనె కట్టి, పసిపిల్లల్ని పంపినట్టు పంపాడు. విప్పి ఒకదాని పక్కన ఒకటి నిలబెట్టాను. ఎదురుగా కుర్చీ వేసుకుని పావుగంట కాదు, మధ్యాహ్నమంతా కూర్చున్నాను. ఏమీ రాలేదు. ఇక్కడి వెలుతురు పక్కింటి పసుపుగోడ మీదినుంచి వస్తుంది. ఆ వెలుతురులో అవి మూడు తడిసిన టార్పాలిన్లు. లేదా నా కన్ను పూర్తిగా అయిపోయింది. రెండిటిలో ఏది నిజమో చెప్పగలిగినవాళ్ళు ఇరవై ఇద్దరున్నారు, వాళ్ళు గడప దాటి రారు.

బొమ్మలమ్మే పెద్దమనిషికి ఎలాగో తెలిసి పరుగెత్తుకు వచ్చాడు. “బిషప్ తీయించిన చిత్రాలు! ఇంతకన్నా మంచి ప్రచారం ఏముంటుందండీ?” అని చేతులు రుద్దుకున్నాడు. మెట్ల దాకా దిగబెట్టాను. కిందికి ఆయనే దొర్లుకుంటూ వెళ్ళి ఉంటాడు. మూడింటినీ గోడవైపు తిప్పి పెట్టాను. కత్తి వంటింట్లో ఉంది, రొట్టె కోసుకుంటున్నాను.

నీ ఉత్తరం ఎన్నిసార్లు చదివానో. పక్కింటి అమ్మాయిని పిలిచి చదివించుకున్నాను, ఎందుకంటే నీ అక్షరాలు ఇప్పుడు నాకు చీమల్లా ఉన్నాయి. ఆ పిల్ల శుభశుక్రవారం దగ్గరికి వచ్చేసరికి ఆగి, “ఇది మళ్ళీ చదవనా తాతగారూ?” అంది. చదవమన్నాను. మార్చిలో నేను రాసినదాంట్లో తప్పేమిటో తెలిసింది. గుడ్డ కప్పనందుకు నిన్ను తిట్టాను. కప్పకపోవడం నాకు దొరికిన ఒకే ఒక్క మర్యాద అని నాకు తట్టలేదు. ఇన్నేళ్ళలో నా పనిని మొదలైనదనీ, ఇంకా చూడాల్సినదనీ అన్నది నువ్వొక్కదానివే. అందుకు థాంక్స్ చెప్పను. మనింట్లో ఎవరికీ ఆ అలవాటు లేదు.

కానీ ఒకటి గుర్తొచ్చింది. నీకు పదేళ్ళు. ఊరి జున్ను సంఘంలో పాలు తూచే రోజు. సంఘం పెద్ద అందరి ముందూ మన క్యాను మూత తీసి, “ఇందులో నీళ్ళున్నాయి” అన్నాడు. నాన్న తల దించుకుని నిలబడ్డాడు. ఆయన్ని ఎవరూ ఏమీ అడగలేదు, అందుకని ఆయన ఏమీ చెప్పలేదు. నువ్వు తిరగేసిన బకెట్ ఎక్కావు. “మా నాన్న కలపలేదు! మా పాలు తెచ్చే మీ బావమరిది బండి వాగు దగ్గర రోజూ ఎందుకు ఆగుతుందో చెప్పనా? అడగండి, చెబుతా! అడక్కపోయినా చెబుతా!” అని ఊరంతా వినేట్టు అరిచావు. ఇంటికి వెళ్ళేదారిలో నాన్న నీ వీపు మీద ఒక్కటి వేశాడు. ఆ తర్వాత కంచె దగ్గర ఆగి, వెక్కి వెక్కి ఏడ్చాడు.

అడక్కపోయినా చెప్పే పిల్ల అది. ఆ బుధవారం తలుపు దగ్గర ఆ పిల్ల ఉండి ఉంటే, గెబార్ ఇంకా చెవులు మూసుకునే ఉండేవాడు. ‘ఎందుకు కప్పలేదో తెలుసా మీకు? కూర్చోండి, ఇదిగో ఇక్కడ, పావుగంట కూర్చోండి’ అని ఆయన్ని ముసలి ఉర్సూల్ పక్కన కూలేసి ఉండేది. నాలుగు మాటలు, జేలీ. నా చూపంతా ఆ నాలుగు మాటల మీద నిలబడి ఉంది.

గెబార్‌ని నేను నిందించను. సూపు మరక తప్ప ఇంకేమీ కనపడని కళ్ళు ఆయనవి, వాటితో ఏం చేస్తాడు? బిషప్‌గారయితే చూడనే లేదు. నిన్నూ నిందించను. నిచ్చెన మీదినుంచి ఉర్సూల్‌ని దింపింది నువ్వే, ఆ రెండు వారాలూ నాకు ఇచ్చింది నువ్వే. అడిగినంతవరకే జవాబు చెప్పి, మిగతాది మింగేసి, కాగితం మీద చక్కటి దస్తూరీతో సంతకం పెట్టిన మనిషి వేరు. ఆవిడతో నాకు బతికున్నంతకాలం రాజీ లేదు. నేనింకా నిందిస్తున్నది ఆవిణ్ణే, మదర్ కొలోంబ్‌ని.